బావగారి మొహం మీద పొక్కులు

"లేదండీ" అన్నాను. ఒక్క మాట. ఇంత చిన్న మాటను ఇరవై ఏళ్ళుగా మోస్తున్నానంటే నమ్ముతారా? మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను.

అక్కావాళ్ళది తణుకు దగ్గర పల్లె. బావగారిది వ్యవసాయం. నన్ను ఆటపట్టించనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. అక్క పెళ్ళిచూపుల్లో నేను కాఫీలో ఉప్పు కలిపానని లేనిపోని కథ పుట్టించి ఊరంతా చెప్పిన మనిషి. దగ్గు ఎంతకీ తగ్గకపోతే, నేను ఉద్యోగం చేస్తున్న కాకినాడ తీసుకొచ్చి చూపించాను. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు డాక్టరుగారు. నాకొక్కదానికే చెప్పారు. అక్కకూ ఆయనకూ నిమ్ము అని చెప్పాను. ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా అలాగే చెప్పేవారు.

కొత్తగా వచ్చిన మాత్ర రాశారు, రోజుకొకటి. అది నేరుగా క్యాన్సర్ మీదే పనిచేస్తుందట, జుట్టు ఊడదట. "మొహం మీద పొక్కులు రావచ్చు, విరేచనాలు కావచ్చు. భయపడి ఆపెయ్యకండి, నాకు ఫోన్ చెయ్యండి" అని రెండుసార్లు చెప్పారు.

రెండో వారంలో పొక్కులు వచ్చాయి. నేను వెళ్ళేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారు పోసిందని అక్క తేల్చేసింది. ఇంట్లో తాలింపు బంద్. మందులూ బంద్, వేసుకుంటే అమ్మవారికి ఆగ్రహమట. బావగారు వేపాకు పరిచిన పక్క మీద ఎర్రటి మొహంతో పడుకుని ఉన్నారు.

"చూశావా మరదలా, యాభై దాటాక మొటిమలు! నాకు మళ్ళీ పెళ్ళిచూపులు పెట్టండి." తర్వాత గొంతు తగ్గించారు. "అవునుగానీ, ఆ మాత్ర మానెయ్యమంటోంది మీ అక్క. నువ్వేమంటావ్? నువ్వెలా చెబితే అలాగే."

ఏమనాలి? పొక్కులు మాత్ర వల్లే అంటే, నిమ్ముకు ఇంత మందెందుకని అడుగుతారు, ఆ మాత్ర దేనికో చెప్పాలి. అప్పుడు ఆ నవ్వు ఏమవుతుంది?

"అక్క చెప్పినట్టే కానివ్వండి బావగారూ."

పదకొండు రోజులు ఆపాం. పొక్కులు మాడిపోయాయి. అక్క ఆయన తలకు నీళ్ళు పోసింది. విరేచనాలు కూడా కట్టి, పెరుగన్నం ఆవురావురుమంటూ తిన్నారట. ఫోన్లో ఆయన నవ్వు వింటే నాకూ సంతోషమే వేసింది, అబద్ధమెందుకు? తర్వాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టించాను. ఈసారి నాలుగు పొక్కులే వచ్చాయి. వేడి చేసిందంది అక్క.

రెండు నెలల తర్వాత స్కాన్ ఫిల్మ్ చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. "మాత్ర మధ్యలో ఎప్పుడైనా ఆపారా?" అన్నారు.

"లేదండీ."

అయితే ఈ మందు పనిచెయ్యట్లేదని ఆ చీటీ మీద గీత కొట్టేసి, వేరేది రాశారు. బావగారు పక్కనే ఉన్నారు. నా వైపు ఒకసారి చూశారు. బస్టాండులో, నాకిష్టమని, తాటిముంజలు కొనిపెట్టారు.

ఏడాది తిరక్కుండానే పోయారు.

ఆ పదకొండు రోజులూ ఆపకపోతే బతికేవారా? ఏమో. మందు నిజంగానే పనిచెయ్యలేదేమో. కానీ నిజం చెప్పి ఉంటే, ఇంకో నెల వాడి చూద్దామనేవారేమో డాక్టరుగారు. ఆ ఒక్క నెల నేను కాజేశాను. ఎందుకన్నాను ఆ మాట? ఆయన మీద ప్రేమతోనని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మాత్ర ఆపమన్నది ప్రేమతోనే కావచ్చు. "లేదండీ" అన్నది మాత్రం చీవాట్లు తప్పించుకోవడానికే.

అక్క ఇప్పటికీ ఏటా అమ్మవారికి చలిమిడి పెడుతుంది. "ఆ తల్లి దయవల్ల పదకొండు రోజులైనా కడుపునిండా తిన్నారే" అంటుంది. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడేది నేనే. అక్కకు చెప్పలేదు, చెప్పలేను కూడా. ఆ డాక్టరుగారు ఎక్కడున్నారో తెలియదు. ఆయన అడిగినదానికి మీకే జవాబు చెబుతున్నాను.

ఆపామండీ. ఆపమన్నది నేనే.