అల్లం గోదాములో వేలాడిన ముఖం

1983 నవంబరు. జహీరాబాద్ మార్కెట్ వెనక అల్లం గోదాములో, తలుపంత గుడ్డ మీద గీసిన దయ్యం బొమ్మ ముందు నిలబడి, సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసే సుగుణ, “ఇది మా అక్క” అంది. గట్టిగా అనలేదు. పక్కనున్నవాళ్లు విని నవ్వారు. ఆ రోజు అక్కడ ఎవరేమన్నా నవ్వుతున్నారు. నేను మాత్రం ఆమె చేతిని చూశాను. బొమ్మను తాకబోయిన చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు నేను హైదరాబాద్ నుంచి వెలువడే ఒక దినపత్రికకు స్ట్రింగర్‌ని. అంటే ఆఫీసు ఉద్యోగి కాకుండా, సొంత ఊళ్లో ఉంటూ వార్తలు రాసి పంపేవాడిని. సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికి కవరిస్తే అది ఆఫీసులో డెస్క్‌కు చేరేది. వార్తలను దిద్ది, కుదించి, శీర్షిక పెట్టే వాళ్లను డెస్క్ అంటాం. చెరకు రైతుల ధర్నాలు, బొంబాయి రోడ్డు మీద లారీ ప్రమాదాలు, ఇవే నేను పంపేవి. దయ్యాల సభకు పిలుపు రావడం అదే మొదలు.

పిలిచింది అద్దె పుస్తకాల షాపు విఠల్. వారపత్రికల్లో చేతబడి, శ్మశానాల సీరియళ్లు జోరుగా నడుస్తున్న రోజులవి. ఏ నవల ఎక్కువ భయపెట్టిందో తేల్చుకోవడానికి అతని షాపు ముందు రోజూ పాఠకుల పంచాయితీ. వాళ్లందరినీ ఒక్క రోజు ఒక్క చోట కూర్చోబెడదామనుకున్నాడు. కొత్త పంట ఇంకా రాలేదు కాబట్టి గోదాము ఖాళీగా ఉంది. కోహీర్, ఝరాసంగం, ఆఖరికి బీదర్ నుంచి కూడా జనం వచ్చారు.

కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. పైకప్పు రేకుల్లో మేకులు ఊడిన చోట్ల నుంచి ఎండ సన్నటి కడ్డీల్లా దిగుతోంది. నిరుటి అల్లం వాసన నేలలోంచి లేస్తోంది. బయట పట్టపగలు, లోపల మాత్రం అందరూ నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా తిరుగుతూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒక గోడ వెంట బొమ్మలు అమ్మేవాళ్లు కూర్చున్నారు. బీదర్ నుంచి వచ్చినాయన కాగితపు గుజ్జుతో చేసిన మాస్కులు పరిచాడు. కోహీర్ ముసలాయన ఒకరు మాస్కు పెట్టుకుని, “మా ఇంటిది ఇంతకన్న ఎక్కువ బెదిరిస్తది, వాపస్ తీస్కో” అన్నాడు.

ఆ వరస చివర పెయింటర్ కిష్టయ్య. లారీల నంబర్లు, దుకాణాల బోర్డులు రాసేవాడు. విఠల్‌కు ఇంకో పని కూడా చేసిపెట్టేవాడు. అద్దె పుస్తకానికి మొదట చిరిగేది అట్ట. విఠల్ దాన్ని మందపాటి అట్టతో బైండు చేయిస్తే కిష్టయ్య దాని మీద చేత్తో కొత్త ముఖచిత్రం వేసేవాడు. నవల చదివేవాడు కాదు. కథేదైనా అతని దయ్యం ఒకటే: తెల్లచీర, జారిన జుట్టు, అదే ముఖం. ఆ ముఖం ఊళ్లో చదివే వాళ్లందరికీ తెలుసు, సుగుణకూ తెలుసు. డ్యూటీలో దయ్యాల నవలలు చదివి డాక్టరమ్మతో తిట్లు తినే మనిషి ఆమె. కానీ అట్ట మీద ఆ ముఖం బొటనవేలంత. సభ కోసం కిష్టయ్య తొలిసారి దాన్ని పెద్దగా వేశాడు. అప్పుడు కనబడింది, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గీత.

“గా గీత నేను వెట్టిందే సారూ,” అంది నాతో. “చిన్నప్పుడు గడ్డి కోస్తుంటె నా కొడవలి తాకింది.” కిష్టయ్య వైపు తిరిగి, “అన్నా, యాడ జూసినవ్ మా అక్కను?”

“ఎవ్వల్ని జూడలే చెల్లె,” అన్నాడు కిష్టయ్య. “మనసుల నుంచి ఏసిన.”

“మనసులకెళ్లి గీత గుడ వస్తదా?”

అతను కుంచె తుడుచుకుంటూ ఉండిపోయాడు. దారిన పోయే ఆడమనిషి ముఖం దొంగిలించానని నలుగురిలో ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు.

సుగుణ వాళ్లది రాయికోడ్. అక్క నర్సమ్మ 1979 వానకాలంలో ఇంట్లోంచి వెళ్లిపోయింది. నారింజ వాగు ఒడ్డున ఆమె చెప్పులు దొరికాయి, శవం దొరకలేదు. ఇంట్లో వాళ్లు చనిపోయిందనే అనుకున్నారు. అది చెప్పి సుగుణ, “బతికున్నదా లేదా, గంతే చెప్పన్నా” అంది.

అప్పుడు కిష్టయ్య నోరు విప్పాడు. బొంబాయి రోడ్డు మీద ఒక దాబా గోడకు సున్నం వేస్తుంటే ఒకామె లారీ దిగి నీళ్లు అడిగిందట. అరగంట నీడలో కూర్చుందట. ఆ ముఖం నచ్చి, నంబరు రాసుకునే కాగితం వెనక గీసుకున్నాడట.

“ఎన్నేండ్లయింది?” అన్నాను.

“నాకు ఏండ్లు యాదుండయి సార్. ఓట్లయిపోయినంక గోడ మీది పార్టీల గుర్తులు తుడిపెయ్యమన్నరు. గప్పుడు.”

ఓట్లు మూడుసార్లు వచ్చాయి. డెబ్బై ఎనిమిదిలో, ఎనభైలో, ఆ ఏడు సంక్రాంతి ముందర. మొదటిదైతే నర్సమ్మ ఇల్లు వదలక ముందు మాట. దానితో తేలేదేమీ లేదు. తర్వాతి రెండిట్లో ఏదైనా ఆమె వాగులో పడలేదని అర్థం. ఎటు తిప్పి అడిగినా కిష్టయ్య చెప్పలేకపోయాడు.

నేను సుగుణను పక్కకు పిలిచి, పేపర్లో రాయనా అని అడిగాను. “రాయుండ్రి సారూ. బొమ్మ గుడ వెయ్యుండ్రి. కని అక్కను దయ్యమని మాత్రం రాయకుండ్రి.” మాటిచ్చాను.

ఇంటికెళ్లి చాలా శ్రద్ధగా రాశాను. గోదాము వెలుతురు, మాస్కులు, విఠల్ షాపు, పెయింటర్ అలవాటు, అన్నీ వరసగా. సుగుణ మాట చివర వస్తే చదివేవాళ్ల గుండె పట్టుకుంటుందనిపించింది. కథ రాసేవాడిలా దాన్ని ఆఖరి రెండు పేరాల్లో పెట్టాను. బొమ్మను ఫోటో తీయించి అదే కవర్లో పంపాను. చోటు చాలకపోతే డెస్క్ వార్తను కింది నుంచి కోస్తుందని మా పనిలో మొదటి రోజే నేర్పుతారు. నాకూ నేర్పారు.

నాలుగో రోజు పేపరు వచ్చింది. నర్సమ్మ ముఖం స్పష్టంగా అచ్చయింది. కింద క్యాప్షన్: ‘జహీరాబాద్‌లో జనాన్ని వణికించిన దయ్యం’. ఆఖరి రెండు పేరాలూ లేవు.

పేపరు మడిచి చేత్తో పట్టుకుని సుగుణ మా ఇంటికి వచ్చింది.

“దయ్యమని నేను రాయలేదమ్మా,” అన్నాను. “మీ అక్క సంగతి ఆఖర్ల పెట్టిన. జాగ లేదని కోసిన్రు.”

“ఆఖర్ల ఎందుకు వెట్టిన్రు సారూ?”

కూర్చోమని కుర్చీ జరిపాను, ఆమె కూర్చోలేదు.

“యాడనన్న ఉండి చూసిందనుకోండ్రి,” అంది. “మావోళ్లు నన్ను దయ్యం జేసి ఆడుకుంటున్నరనుకుంటది. ఇగ వస్తదా?”

డెస్క్‌కు మళ్లీ రాశాను. పాత వార్త అన్నారు. బతిమాలితే తప్పిపోయినవాళ్ల జాబితాలో ఫోటో లేకుండా రెండు వాక్యాలు వేశారు. ఒక ఆదివారం కిష్టయ్యనూ సుగుణనూ వెంటబెట్టుకుని ఆ దాబాకు వెళ్లాను. కిష్టయ్య గోకితే సున్నం పెచ్చులుగా రాలింది. ఒక గుర్తు కింద ఇంకో గుర్తు, దాని కింద మరొకటి, మసకమసకగా. వాటిని వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. ఏ పొర ఆ రోజుదో చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి వార్తలోనూ మనిషికి అవసరమైన మాట మొదటి పేరాలోనే ఉంది. రాత అందం పోతే పోయింది.

పెద్దలను తలుచుకునే పెత్తరమాస నాడు రాయికోడ్‌లో సుగుణ తల్లి చనిపోయినవాళ్ల పేర్లతో పాటు పెద్దకూతురి పేరు మీద కూడా బియ్యం ఇచ్చేది. సభ జరిగిన మరుసటి ఏడాది నుంచి సుగుణ ఆ రోజు పుట్టింటికి పోవడం మానేసింది. ఇప్పుడు తల్లి లేదు. బియ్యం ఇవ్వాల్సింది సుగుణే. అక్క పేరు మీద ఇవ్వాలో వద్దో ఆమె ఇంకా తేల్చుకోలేదు.