నా డిక్కీ, నా ఇష్టం

తన గొయ్యి తానే తవ్వుకునేవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను అంతటితో ఆగలేదు. పై అధికారిని కబురంపి పిలిపించి, ఆయన కళ్లెదుటే తవ్వాను. ఇప్పుడు మీరు ఎంతైనా నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఆ రోజు మాత్రం నా మొహాన నెత్తుటి చుక్క లేదు.

అప్పటికి నేను సైన్యంలో చేరి ఏడేళ్లు. ఎక్కడెక్కడో చలికి వణికి, చివరికి అదృష్టం పండి మేడ్చల్ వైపు ఉన్న ఒక శిబిరానికి బదిలీ అయ్యాను. మా ఊరు శామీర్‌పేట పక్కనే. ఇల్లు దగ్గర కాగానే ఒక పాత కారు కొన్నాను. కారు రాగానే కాస్త పొగరు కూడా వచ్చింది. నా భార్య జ్యోతి నెలలు నిండి కీసరలో పుట్టింట్లో ఉంది. కాన్పు ఆ వారంలోనే అన్నారు. మంగళవారం నుంచి నాకు ఇరవై రోజుల లీవు కావాలి. కాగితం మేజర్ గారి బల్ల మీద ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది.

శనివారం ఫైరింగ్ ప్రాక్టీసు ముగించుకుని, మాసిన యూనిఫాం మూట కట్టుకుని ఊళ్లో అవ్వ దగ్గరికి వెళ్లాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం. సోమవారం పొద్దున తిరిగొస్తే శిబిరం గేటు ముందు కార్లు, బైకులు బారులు తీరి ఉన్నాయి. అన్నిటి మూతలూ తెరిచి ఉన్నాయి. ముందు సుబేదార్ నర్సింహులు సాబ్ నిలబడి ఉన్నారు. నాదీ, ఆయనదీ ఒకే భాష కావడంతో నన్ను సొంత మనిషిలా చూసేవారు.

"డిక్కీ తియ్యి బిడ్డా."

"ఎందుకు సాబ్?"

"శనివారం ఫైరింగ్‌ల ఒక ఖోకా తక్కువొచ్చింది. నిన్న స్టోర్ల మల్ల లెక్కవెడితే తెలిసింది. దొరికేదాంక అందరి లీవులు బంద్."

ఖోకా అంటే తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టం. ఎన్ని తూటాలు తీసుకుంటే అన్ని గొట్టాలూ తిరిగి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా యూనిట్ మొత్తం మోకాళ్ల మీద కూర్చుని గడ్డి వెతకాల్సిందే. ఇదంతా నాకు తెలుసు. కానీ లీవులు బంద్ అన్న మాట చెవిన పడగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. ఎవడో పారేసుకుంటే నా బిడ్డ పుట్టినప్పుడు నేను లేకుండా పోవాలా?

"సాబ్, గిది సర్కారు బండి గాదు. నా సొంత కారు. నేను ఒప్పుకోకుంటే ఎవరు తియ్యరాదు. వారెంటు ఉండాలె."

సుబేదార్ సాబ్ నన్ను జ్వరం వచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. "ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఫోన్ల ఒక వీడియో చూసిన."

"గది ఏ దేశం ముచ్చటనో చూసినవా?"

చూడలేదు. మీకు చెప్పడానికి సిగ్గేముంది, ఆ వీడియోలో పోలీసుల టోపీలు మన టోపీల్లా లేవని అప్పుడే గుర్తొచ్చింది. కానీ వెనక ఇరవై మంది వింటున్నారు. ఇప్పుడు తగ్గితే పరువేం కాను?

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "మల్లేశా, నీ కాయితం మేజర్ సాబ్ టేబుల్ మీదున్నది. పిల్ల నెలలు నిండి ఉన్నది. రెండు నిమిషాల పని, లొల్లి వెట్టుకోకు."

"అయితే మేజర్ సాబ్‌నే రమ్మనుండ్రి. ఏ రూలో సూపియ్యమనుండ్రి."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పటికీ నమ్మలేను.

మేజర్ గారు నడుచుకుంటూ వచ్చారు. ఆయన అరవరు, అదే భయం. ఆయనది హిందీ, మీ కోసం తెలుగులో చెబుతున్నాను. విషయం విని గుమాస్తా చేత ఒక ఫైలు తెప్పించి, నా కారు పాసు దరఖాస్తు తీశారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే సర్."

"దాని పైనున్న వాక్యం చదువు. గట్టిగా."

చదివాను. శిబిరంలోకి తెచ్చే నా వాహనాన్ని ఎప్పుడు తనిఖీ చేసినా నాకు అభ్యంతరం లేదని రాసి ఉంది. కారు కొన్న సంబరంలో ఫొటో అంటించే చోటు తప్ప నేను ఇంకేమీ చూడలేదు.

"ఇప్పుడు తల ఎత్తు."

ఎత్తాను. అరగంటగా నేను ఏ బోర్డు కింద నిలబడి వాదిస్తున్నానో దాని మీద అదే మాట మూడు భాషల్లో ఉంది. అందులో ఒకటి తెలుగు.

"నీ ఇంట్లో నేను చెయ్యి పెట్టను. ఈ గేటు దాటే ప్రతి బండికీ మాత్రం నేనే జవాబుదారీ. రేపు లోపల ఏదైనా జరిగితే, కారు ఎవరిదని నన్ను అడగరు, గేటు ఎవరిదని అడుగుతారు," అన్నారు ఆయన.

అక్కడైనా తల దించుకోవాలి కదా. "తీస్తాను సర్, ఏమీ దొరకదు," అని తెగ బింకంగా డిక్కీ తెరిచాను. స్టెప్నీ తీశాను, జాకీ తీశాను, ఉతికిన యూనిఫాం దులిపాను. చివర టిఫిన్ డబ్బా మిగిలింది.

"గిదేంది?" అన్నారు సుబేదార్ సాబ్.

"మటన్ కూర సాబ్. మీ కోసమే అవ్వ పంపింది."

"మూత తియ్యి."

మాంసం కూర ఊరు దాటిస్తే గాలి సోకుతుందని, గిన్నెలో ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప ముక్క వేసి పంపడం మా ఇళ్లలో అలవాటు. మూత తీశాను. కూర మీద విస్తరాకు ముక్క, దాని మీద బొగ్గు. బొగ్గు పక్కన నూనెలో మెరుస్తూ ఖోకా.

లీవు సంగతి తర్వాత, అసలు ఉద్యోగం ఉంటుందా, నన్ను ఎక్కడికి తీసుకెళతారు, జ్యోతికి ఎవరు చెబుతారు అని కళ్లు తిరిగాయి.

"నాకు తెల్వదు సాబ్."

"మరి కూరల పుట్టిందా?"

మేజర్ గారి హుకుం మీద అందరూ వినేలా అవ్వకు ఫోన్ చేశాను. "అవ్వా, కూరల బొగ్గుతోని ఇంకేమేసినవ్?"

"మేకు దొర్కలే బిడ్డా. నీ ప్యాంటు ఉతుకుతుంటే జేబుల గా పిత్తల్ గొట్టం దొరికె. మంచిగ కడిగే ఏసిన. ఏమాయె, గాలి సోకిందా?"

శనివారం ఖోకాలు ఏరి జేబులో వేసుకుని అప్పజెప్పినప్పుడు ఒకటి అడుగున ఉండిపోయిందన్నమాట. యూనిట్ మొత్తం వెతుకుతున్న దొంగను నేనే.

సుబేదార్ సాబ్ అవ్వ మాటలన్నీ హిందీలో చెప్పారు. పక్కన ఆఫీసరున్నాడని అవ్వకు అర్థమైంది. "సాబూ, తప్పు నాది. ఏం రాసుకుంటవో నా పేరు మీద రాసుకో. పిల్లకు నొప్పులొచ్చే యాళ్ల, మా పిల్లగానికి లీవియ్యి," అంది.

మేజర్ గారు అటు తిరిగి కాసేపు చెట్ల వైపు చూశారు. భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగేసరికి మొహం మళ్లీ గంభీరంగా ఉంది. "అందరి లీవులూ విడుదల. ఇతనిది కూడా. ఖోకా ఎక్కడ దొరికిందో రిపోర్టులో ఇతనే రాయాలి. లీవు నుంచి వచ్చాక నెల రోజులు ఈ గేటు దగ్గరే డ్యూటీ." మటన్ కూరలో దొరికిందని నా చేతి రాతతో రాసి సంతకం పెట్టాను. ఈసారి సంతకానికి ముందు పైన ఏముందో రెండుసార్లు చదివాను.

గురువారం పుట్టబోయే బిడ్డకు పాత చీరలు తేవడానికి కీసర నుంచి మా ఊరికి వెళ్లినప్పుడు ఫోన్ వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, మా అత్తగారు జ్యోతిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కారు ఎలా నడిపానో నాకే తెలియదు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఆయన చెయ్యెత్తాడు. అంతే. దిగి డిక్కీ తెరిచాను, బానెట్ ఎత్తాను, స్టెప్నీ కింద పెట్టాను, చీరల మూట విప్పి ఒక్కొక్కటీ దులిపి చూపించాను. ఆయన ఓపికగా అంతా చూసి, "పార్కింగ్ గా దిక్కున్నది సార్, గదే చెప్దామని చెయ్యెత్తిన," అన్నాడు.

నేను స్టెప్నీ మళ్లీ లోపల పెట్టేసరికి పైన నా కూతురు పుట్టేసింది. ఇరవై రోజుల లీవు ఉండి కూడా పది నిమిషాలు ఆలస్యమయ్యాను. "గింతసేపు ఏడున్నవ్?" అని జ్యోతి అడిగితే, తనిఖీలో ఉన్నానని ఎలా చెప్పను?

ఆ పసిదాని తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ గేటు దగ్గరా చట్టం మాట్లాడను. డిక్కీ తీయమంటే తీస్తాను, డబ్బా మూత కూడా తీస్తాను. కాకపోతే చెయ్యి ఎందుకు ఎత్తారో ముందు అడుగుతాను.