చచ్చిన ఉన్నితో అల్లిన శాలువా

నా డైరీలన్నిటిలోనూ ఒకే ఒక్క పేజీ ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడానికి బడిలో ఇచ్చిన సిరా అది. ఆ పేజీలో ఎనిమిది గొర్రెల ఆనవాళ్లు ఉన్నాయి. ఏ చెవికి ఎన్ని గాట్లు, ఏది ఎన్ని ఈతలు ఈనింది, ఏది దేని పిల్ల, అన్నీ వరుసగా రాశాను. మొదటిది పొట్టేలు. తక్కిన ఏడూ ఆడవి. వాటి కింద ఒక గీత గీసి ఒకే వాక్యం రాసుకున్నాను: "మాకు ఏం లేకుండా చేశాడో అతనికి తెలిసిరావాలి."

అతనంటే మా ప్రాంతపు పెద్దాయన. అందరూ అలాగే పిలిచేవారు. నేనూ అలాగే రాస్తాను.

మాది జమ్మలమడుగుకూ తొండూరుకూ నడుమ ఒక పల్లె. గొర్రెలు కాచే ఇల్లు. మా అమ్మ ఉన్ని వడికేది, మా నాయన గుంటమగ్గం మీద కంబళ్లు నేసేవాడు. నాకు చాపాడు దగ్గర బళ్లో అయ్యవారి పని దొరికాక, అక్కడే పనిచేసే పంతులమ్మను పెళ్లి చేసుకున్నాను. ఆమె తాతల కాలం నుంచి మిషను క్రైస్తవులు. జమ్మలమడుగు దొరసానుల దగ్గర అల్లిక నేర్చుకున్న చేతులు. మా ఇంటికి వచ్చిన తొలి ఏడాదే మా అమ్మ వడికిన దారంతో కోతిటోపీలు, స్వెట్టర్లు అల్లడం మొదలుపెట్టింది. తిరునాళ్లలోనూ ప్రొద్దుటూరు చేతిపనుల ప్రదర్శనలోనూ ఆమె, మా అమ్మ పక్కపక్కన కూర్చుని అమ్మేవాళ్లు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు టోపీల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

వాళ్లు వచ్చేది అల్లిక కోసం ఒక్కటే కాదు, ఆ నలుపు కోసం. మా ఉన్నికి రంగు వేసేది లేదు. వాన పడి ఆరుతున్న నల్లరేగడి ఎట్లుంటుందో అట్లుండేది. ఎండలో పెట్టినా, ఎన్నిసార్లు ఉతికినా మారేది కాదు. దానికంతా మూలం ఒక పొట్టేలు. మూడు తరాల నుంచి ఒకే వరస కాపాడుకుంటూ వచ్చిన విత్తనం అది. ఎక్కడా తెల్ల వెంట్రుక ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఎన్నికలు వస్తే రెండు పార్టీల వాళ్లూ మా దొడ్డికి వచ్చేవారు. విందులకు పొట్టేళ్లు కావాలి. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే ఊళ్లో ఉండలేం. అందుకని మా నాయన ఇద్దరికీ సమానంగా తోలేవాడు. గొర్రెలవాడికి పార్టీ ఉండకూడదనేవాడు. ఆ ఏడు పెద్దాయనకు అవతలి పార్టీవాళ్లు ఒకరోజు ముందు వచ్చారు. అంతే జరిగింది.

మరునాటి పొద్దున మా మంద శెనిక్కాయ కోసిన చేలో ఎరువుకు కట్టి ఉంది. పెద్దాయన జీపులో మనుషులను వేసుకుని తానే వచ్చాడు. మా అమ్మ అక్కడే నిలబడి కదురు తిప్పుతోంది. వాళ్ల మాటలు ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ఎప్పుడు చెప్పినా ఒక్క మాట తేడా వచ్చేది కాదు.

"ఏమప్పా, వాళ్లకు పొట్టేలు తోలిచ్చినావంట?"

"మీకూ తోలిస్తాం సామీ. ఎప్పుడూ ఇచ్చేదే గదా. ఆ పక్కనుండే వాట్లో ఏదన్నా పట్టుకోండి."

"అవి మాకొద్దు. ఆ నల్లది పట్టు."

"అది విత్తనానికి పెట్టుకున్యాది సామీ. అది పోతే మా మందే పోతాది."

"పోనీలేప్పా."

పెద్దాయన పొట్టేలు కొమ్ము మీద చెయ్యి వేసి తన మనిషి వైపు చూశాడు. దాన్ని అక్కడే నరికారు. తర్వాత, "దీని పిల్లలు యాడున్యాయి?" అని అడిగాడు. ఒకరు చెప్పే పని లేదు, నలుపు కళ్లకు కనపడుతూనే ఉంది. ఏడు ఆడవాటినీ నరికారు. పొట్టేలునూ రెండు ఆడవాటినీ ఒలిచి, తోళ్లు అక్కడే పారేసి, మాంసం జీపులో వేసుకున్నారు. మిగతావి చేలోనే పడి ఉన్నాయి.

నేను సాయంత్రం బస్సులో ఊరు చేరాను. ఫిర్యాదు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కాలంలో అటువంటి మాట ఎత్తిన ఇంట్లో తర్వాత ఏం జరిగేదో అందరికీ తెలుసు. నేను చేయగలిగిందల్లా డైరీ తీసి ఎనిమిది ఆనవాళ్లు రాయడమే.

ఇక్కడ మా వాళ్ల కట్టుబాటు ఒకటి చెప్పాలి. బతికున్న గొర్రెకు కత్తిరించిన ఉన్నే రాట్నం మీదికి వెళ్లాలి, మగ్గం మీదికి ఎక్కాలి. చచ్చినదాని తోలు నుంచి పీకిన ఉన్నికి మెరుపు ఉండదు, పురి నిలవదు, వేళ్లకు గరగరమంటుంది. మా వాళ్లు చీకట్లో తడిమినా చెప్పగలరు. ఆ ఉన్ని గుడ్డను మనిషికి కప్పేది ఒకే ఒక్కసారి, పాడె మీద. బతికున్నవాడికి కప్పితే వాడిని శవాల్లో కలిపేసినట్టు. అంతకు మించిన శాపం మాలో లేదు. అందుకే తోళ్లు ఇంట్లో ఉంచుకోరు, వెంట్రుకలతో సహా తోలు కొనేవాళ్లకు ఇచ్చేస్తారు.

మా అమ్మ ఆ ఎనిమిది తోళ్లూ ఇవ్వలేదు. ఉప్పు పూసి, మడిచి, పొట్టు గాదెలో పెట్టింది. ఎందుకని ఎవరం అడగలేదు.

పెద్దాయన గెలిచాడు. ప్రొద్దుటూరు ప్రదర్శనకు అతన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. మా కులపెద్దలు కంబళి కప్పి సన్మానం చేయాలని తీర్మానించారు. ఇద్దరు ముసలాళ్లు మా ఇంటికి వచ్చి, తలలు వంచుకుని కూర్చున్నారు.

"మీ ఇంటి కంబళే కావాలంట పాపా. నల్లది." ఆ మాట చెప్పిన ఆయన వరసకు మా అమ్మకు మేనమామ.

మా నాయన లేచి బయటికి పోయాడు. మా అమ్మ మాత్రం వెంటనే అంది, "ఇస్తామని చెప్పు మామా."

వాళ్లు వెళ్లాక తోళ్లు తీసి బూడిదనీళ్లలో నానేసింది. మా నాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"సచ్చిన బొచ్చు నా మగ్గం ఎక్కనియ్యను."

"నీ మగ్గం ఎవురికి కావల్ల? కదురుతో వడుకుతా, రాట్నం గూడా ముట్టుకోను." ఆమె నా భార్య వైపు తిరిగింది. "అమ్మీ, నీ సూదులు తే."

నా భార్య సూదులు తేలేదు. "పగ తీర్చేది దేవుడి పని అని మా ఇంట్లో చెప్పినారత్తా."

"దేవునికి శానా పనులుంటాయిలే. ఈ ఒక్కటి మనం చేద్దాం."

నా భార్య నా వైపు చూసింది. నేను వద్దనలేదు. వద్దనగలిగి ఉండి అనలేదు. నలభై రోజులు అల్లింది. దారం ఎక్కడపడితే అక్కడ తెగేది. ఆ రోజుల డైరీలో బడి సంగతుల పక్కన చిన్న అక్షరాల్లో రాసుకున్నాను: "ఈవేళ పదకొండు చోట్ల." "ఈవేళ ఏడు." ముడి కనపడకుండా కలిపే ఒడుపు ఆమె చేతిలో ఉంది. బయటివాళ్లకు అది నున్నటి నల్ల శాలువా.

సన్మానం మధ్యాహ్నం జరిగింది. పందిట్లో ముందు వరుసల్లో మా వాళ్లు నూరుమంది దాకా కూర్చున్నారు. పెద్దాయనకు తలగుడ్డ చుట్టి, చేతికి కర్ర ఇచ్చి, ఒక గొర్రెపిల్లను ఎత్తుకోమన్నారు. మా అమ్మ మేనమామ శాలువా చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ ఒకసారి రాసి చూశాడు. స్టాలు దగ్గర నిలబడ్డ మా అమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఆ ముసలాయన శాలువా విప్పి పెద్దాయన భుజాల మీద కప్పాడు.

"వెచ్చగుందప్పా! ఎవురల్లినారు?" అన్నాడు పెద్దాయన మైకులో. బయటివాళ్లు చప్పట్లు కొట్టారు. మా వాళ్లలో సగంమంది కొట్టబోయి ఆగారు. శాలువా మీద ఎండ పడుతోంది, మెరుపు లేదు. ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముసలాయన స్టేజి దిగి నేరుగా మా అమ్మ దగ్గరికి వచ్చాడు. "ఎంత పని జేస్తివి పాపా!"

"తప్పని నీకనిపిస్తే పోయి చెప్పు."

"నేనెందుకు చెప్తా?" అన్నాడు. పోతూ పోతూ, "ముడి గూడా కనపల్యా, బలే అల్లింది నీ కోడలు," అన్నాడు.

శాలువా పెద్దాయనకు నచ్చింది. చలికాలమంతా అదే కప్పుకుని తిరిగేవాడు. మా వాళ్లలో తెలియనివారు ఒక్కరూ మిగల్లేదు. తొండూరు దారిలో జీపు వస్తుంటే గొర్రెలవాళ్లు మందను పక్కకు తోలి, తలగుడ్డ తీసి నిలబడేవారు. ఎదురుగా శవం వచ్చినప్పుడు మేం చేసేదే అది. పెద్దాయన జీపులోంచి చెయ్యెత్తి ఊపేవాడు. ఆ సంగతి విన్న ప్రతిసారీ మా అమ్మ ఆ పూట కడుపునిండా తినేది.

నాకు మాత్రం చాల్లేదు. అందరికీ తెలుసు, అతనికి తప్ప. నా వాక్యంలో రాసుకున్నది అతనికి తెలియాలనే. ఆ మాట అంటే మా అమ్మ కసిరేది. "తెలిస్తే ఇప్పేస్తాడు. మోయనీ."

ఇటు మా మంద మాత్రం మారిపోయింది. వేరే ఊళ్ల నుంచి నల్ల పొట్టేళ్లు తెచ్చి కట్టాం. పిల్లలు మచ్చలతో, గోధుమరంగుతో పుట్టాయి. నా భార్య ఉన్నికి రంగు వేయడం నేర్చుకుంది. ఉతికితే నీళ్లు నల్లబడేవి. కలమల్ల నుంచి వచ్చేవాళ్లు ఒకటి రెండేళ్లు చూసి రావడం మానేశారు. మా నాయన మగ్గం గుంట పూడ్చేశాడు. ముందు ఆయన పోయాడు, తర్వాత మా అమ్మ. నేను రిటైరయ్యే నాటికి దొడ్లో ఇరవై గొర్రెలు ఉన్నాయి. ఒక్కటీ పూర్తి నలుపు కాదు.

పోయిన చలికాలం పులివెందుల నుంచి కబురు వచ్చింది. పెద్దాయన అక్కడ ఉంటున్నాడు. పార్టీలు కలిశాయి, విడిపోయాయి, అప్పటి శత్రువుల కొడుకులు ఇప్పుడు ఒకే జెండా కింద ఉన్నారు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. శాలువా పురుగు కొట్టిందట, అల్లిన మేడమ్ బాగు చేస్తుందా అని అడిగించాడు.

ఆ డైరీ సంచిలో పెట్టుకుని మరునాడే బస్సెక్కాను.

వసారాలో ఎండ ఇంకా పడలేదు. ఆయన కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. భుజాల మీద అదే. నేనెవరో చెప్పాను. కూర్చోమన్నాడు. కూర్చోకుండా ఎర్ర పేజీ తీసి, మొదటి ఆనవాలు నుంచి ఎనిమిదో దాని వరకు చదివాను.

"ఎనిమిదా?" అన్నాడు. "నాకు గ్యాపకం ల్యాదప్పా. ఆ కాలంలో ఎన్ని పొట్టేళ్లు తిన్యామో."

అప్పుడు శాలువా సంగతి చెప్పాను. తోళ్లు, బూడిదనీళ్లు, మా కట్టుబాటు, పాడె, దారిలో తలగుడ్డలు. ఏదీ వదల్లేదు. ముప్పై ఏళ్లుగా మనసులో ఎన్నోసార్లు చెప్పుకున్న వరసలోనే చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అందుకేనా మీవోళ్లు తలగుడ్డలు తీసి నిలబడతాండ్రి? ఓట్లనుకుంటి గదప్పా!" కళ్లు తుడుచుకున్నాడు. "సచ్చినదాని బొచ్చయితే ఏందిప్పా? వెచ్చగనే ఉండె. ఇన్నేండ్లు ఇది ల్యాకుండా చలికాలం గడపల్యా నేను."

మేం చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. గొర్రెలవాడికి మాత్రమే తగిలే దెబ్బతో గొర్రెలతో పొత్తు లేని మనిషిని కొట్టాం. మా నూరుమంది చూసిన శవాన్ని ఆయన ఒక్కరోజు కూడా చూడలేదు. మా అమ్మ వేళ్లు, నా భార్య నలభై రోజులు, అన్నీ కలిసి ఈయనకు వెచ్చగా ఉన్నాయి.

డైరీ మూసి సంచిలో పెట్టాను. "శాలువా ఇటియ్యి," అన్నాను.

"బాగు చేసి ఎప్పుడు తెస్తావు?"

"తేను."

ఆయనకు అర్థం కాలేదు. "ఇంగోటి అల్లించి ఇస్తావా?"

"ల్యాదు. ఇది మాది, తీసుకుపోతాండా."

నేనే ముందుకు వంగి భుజాల మీద నుంచి తీశాను. ఆయన ఒక కొస గట్టిగా పట్టుకున్నాడు. "ఇది ల్యాకపోతే నాకు నిద్ర పట్టదప్పా. ఉండేదంతా పోయె, ఇదొక్కటుండనీ. చలి పెడతాది."

"పెట్టనీలేప్పా."

లాగాను. చచ్చిన ఉన్నికి బలం ఉండదు. కొస తెగి ఆయన పిడికిట్లో ఉండిపోయింది. ఆయన ఆ పీలికను చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. అప్పటిదాకా ఆ మొహంలో ఉన్న నవ్వు పోయింది. నేను మెట్లు దిగి గేటు దాటేదాకా వెనక నుంచి "అప్పా, అప్పా" అంటూనే ఉన్నాడు. ఆ చేలో మా నాయన కూడా "సామీ, సామీ" అంటూనే ఉన్నాడని మా అమ్మ చెప్పేది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే నా భార్య మెచ్చుకోలేదు. శాలువా ఒళ్లో పెట్టుకుని, తెగిన చోట వేలు పెట్టి చూసి, "ముసలాయనను చలిలో కూర్చోబెట్టి వచ్చినావు," అంది. "మన గోధుమరంగు ఉన్నితో ఒకటి అల్లి పంపుతా."

"పంపుకో," అన్నాను. "నల్లది ల్యాదు గదా ఇయ్యడానికి."

ఆమె సూదులు తెచ్చుకుని కూర్చుంది. నా ఎర్ర సిరా ఎప్పుడో ఎండిపోయింది. అంగడికి పోయి ఎర్ర పెన్ను ఒకటి తెచ్చి, ఆ పేజీ తెరిచి, గీత కింద "అతనికి తెలిసిరావాలి" అని రాసుకున్న వాక్యం పక్కన, సరైన జవాబుకు పెట్టినట్టు టిక్కు పెట్టాను.