మా వీధికి వచ్చిన మేడమ్

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే మా డిగ్రీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. వసుంధర మేడమ్ ఇక లేరు.

ఎవరో పొరపాటున పెట్టారనుకుని ఫోన్ చేశాను. నిజమే. నిద్రలోనే పోయారట.

మెట్లు దిగి ఇంటికి వచ్చేశాను. ఆఫీసుకు మెసేజ్ కూడా పెట్టలేదు.

మేడమ్ రామంతాపూర్‌లో మా కాలేజీలో సోషియాలజీ చెప్పేవారు. మేమేమో ఇంకెక్కడా సీటు రాక ఆ గ్రూపులో వచ్చి పడ్డ బ్యాచ్. ఆమెకు ఆ సంగతి తెలుసు, ఏమీ అనుకోలేదు.

డెఫినిషన్లు తర్వాత నేర్చుకుందురు గానీ ముందు మీ పక్కింట్లో ఎవరుంటారో చెప్పండి అనేవారు. ప్రతి ఒక్కరూ తమ వీధిలో పది ఇళ్ళకు వెళ్ళాలి. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని చేస్తారు అని అడిగి రాసుకు రావాలి. అప్పటిదాకా టెక్స్ట్‌బుక్ తెరవనిచ్చేవారు కాదు.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మా చిల్కానగర్‌లో టీ కొట్టు దగ్గర కూర్చుని అరగంటలో పది ఇళ్ళూ పుట్టించేశాను. అందులో మా ఇల్లు కూడా ఒకటి. అమ్మ ఇంట్లో టైలరింగ్ చేస్తుందని రాశాను. అమ్మ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. ఆ మాట కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

మేడమ్ చదివి నవ్వారు. "పది ఇండ్లల్ల ఒక్కరు గూడ తర్వాత రా అనలేదా? గంత మంచి వీధి నేనెప్పుడు సూడలే. పా, నాకు గూడ సూపియ్యి."

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే షేర్ ఆటో ఎక్కి నాతో వచ్చేశారు.

మొదటి రెండు ఇళ్ళవాళ్ళూ తర్వాత రమ్మన్నారు.

మూడోది మా ఇల్లు. అమ్మ అప్పుడే డ్యూటీ దిగి, టిఫిన్ బాక్సు సంచితో వచ్చింది, ఫ్యాక్టరీ నుంచేనని తనే చెప్పింది. నేను రాసిన కాగితం మేడమ్ చేతిలోనే ఉంది.

ఆమె దాన్ని మడిచి బ్యాగులో పెట్టేసుకున్నారు. చాప మీద కూర్చుని, ఫ్యాక్టరీలో ఎన్ని గంటలు నిలబడాలి, మధ్యలో కూర్చోనిస్తారా అని అమ్మను అడిగారు.

అమ్మ గంటసేపు చెప్పింది. స్టూళ్ళు తీసేశారని. పొద్దుగూకేసరికి కాళ్ళు వాచి చెప్పులు పట్టవని.

నాకు ఇవేవీ తెలియవు. ఉన్నది ఒకే గది, అందరం అందులోనే పడుకునేవాళ్ళం.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వెప్పుడు అడిగినవ్ బిడ్డా?" అంది. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు మళ్ళీ రాశాను. తర్వాత రమ్మన్న రెండు ఇళ్ళు, ఆపైన అమ్మ పేరు, ఫ్యాక్టరీ, ప్యాకింగ్. క్లాసులో నిలబడి నేనే చదివాను. మేడమ్ పదికి మూడు మార్కులు వేసి, మిగిలిన ఏడు ఇళ్ళు ఎప్పుడని అడిగారు. అట్లాంటి మనిషి.

నిన్న ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మెల్లగా అంది.

"ఇరవై ఏండ్లు జేసిన ఆ పని. గట్ల కూసోని అడిగిన మనిషి ఆమె ఒక్కతే."

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అమ్మ అన్నది నిజం.

చాలా ఇళ్ళు తిరిగారు మేడమ్. ఇక నిమ్మళంగా ఉండండి.