గంజి పోసే కుళ్ళాయప్ప

యాభైరెండు నాటి కరువులో ఉరవకొండ దగ్గరి గంజి కేంద్రంలో గంజి పోసే పని కుళ్ళాయప్పది. పొద్దున్నే గుండిగ ముందు నిలబడితే, ఆవిరిలోంచి మనుషుల మొహాలు కలలోలా తేలివచ్చి, గిన్నె చాచి, మళ్లీ తేలిపోయేవి. అతని చూపు మాత్రం గుండిగ అడుక్కీ వరుస చివరికీ మధ్య తిరుగుతూనే ఉండేది. చివరివాళ్లకు గంజి లేదని చెప్పవలసినవాడు అతనే. మొదట కడుపులో మంట పుట్టింది. తర్వాత గరిటె పట్టిన చెయ్యి వణకసాగింది. ఆఖరికి ముద్ద గొంతు దిగడం మానేసింది. డాక్టరు కడుపు నొక్కి చూసి, రోగమేమీ కనిపించలేదన్నాడు.

ఒకనాడు అతని చెయ్యి వణికి, వేడి గంజి ముసలి తిమ్మక్క వేళ్లమీద ఒలికింది. ఆమె గిన్నె వెనక్కి తీయకుండా అతని మొహంలోకి చూసింది.

"ఏమప్పా, నువ్వేమన్నా తింటివా?"

"దిగదు అవ్వా. ఆ చివర ఉండేవాళ్లను చూస్తే గొంతు మూసుకుంటాది."

"అట్లయితే వాళ్లను చూడొద్దు. నన్ను చూసి తాగు."

ఆమె గరిటె లాక్కుని, తన గిన్నె అతని చేతుల్లో పెట్టింది. కుళ్ళాయప్ప నేలమీద చతికిలబడి, పండ్లులేని ఆ నోటినే చూస్తూ, పసిబిడ్డలా ఒక్కో గుక్కా మింగాడు. వరుసంతా ఎండలో కదలకుండా నిలబడింది. కాసేపటికి దాని చివరినుంచి ఒక గొంతు వినబడింది.

"నిదానంగా తాగనీండప్పా."