బాషా తప్పు నొక్కలేదు

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, నోట్లోంచి రావడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. అప్పుడు దానికి బరువున్నట్టే అనిపించలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను, బహుశా అందుకే ఇప్పుడైనా చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ ముక్క నమ్మకండి.

నంద్యాలలో నాది కంప్యూటర్ రిపేరు అంగడి. బాషాది ఆళ్లగడ్డ. పుట్టుకతోనే చూపు లేదు. అక్కడే చూపులేని పిల్లల హాస్టల్లో కంప్యూటర్ నేర్పేవాడు. మేమిద్దరం కలిసి, చూపులేనివాళ్లు ఎవరి సాయమూ లేకుండా తమ మిషన్లో తామే ఎక్కించుకోగలిగే లినక్స్, అంటే కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం, ఒకటి తయారు చేశాం. సీడీ పెట్టిన క్షణం నుంచి తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ అది తెలుగులో చదివి వినిపించాలి. అదే మా పంతం.

మాకొక నియమం ఉండేది. బాషా పెట్టిందే. కొత్త సీడీ తయారైన ప్రతిసారీ నేను మానిటర్ తీగ పీకేసి, చెవులతో మాత్రమే మొదటి నుంచి చివరి దాకా ఎక్కించి చూడాలి. "నీ కండ్లు దొంగవన్నా, చెవులు చేయాల్సిన పనిని అవి చేసేస్తాయి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

హాస్టల్లో ఉన్నవన్నీ ఆఫీసులవాళ్లు పారేసిన పాత కంప్యూటర్లు. పెన్ డ్రైవ్ పెడితే మొదలయ్యేవి కావు. కాబట్టి మొత్తం ఒక్క సీడీలో పట్టాలి. ఆఖరి రోజుల్లో ఫైలు సీడీకి కొంచెం మించిపోయింది. ఏదో ఒకటి తీసేయాలి. ఏది?

అందులో రెండు గొంతులుండేవి. ఒకటి పెద్దది, వినడానికి మనిషి గొంతులా ఉంటుంది. రెండోది చిన్నది, రేకు డబ్బాలో మాట్లాడినట్టుంటుంది. హార్డ్ డిస్కును ముట్టుకునే రెండు మూడు తెరల్లో మాత్రం పెద్ద గొంతు పలికేది కాదు. ఎందుకో మాకు పూర్తిగా అంతుపట్టలేదు. అక్కడ చిన్న గొంతుతో నెట్టుకొచ్చేవాళ్లం. ఇవి కాక, తెర మీద అక్షరాల వెనక కనబడే బొమ్మలు కొన్ని ఉండేవి. వెలుగోడు రిజర్వాయరు మీద పొద్దు గూకుతుండగా నేను తీసిన ఫోటోలు.

బాషా ఫోన్లో ఒక్క మాటలో తేల్చేశాడు. "బొమ్మలు తీసేయన్నా. మాకెందుకవి, తడుముకునేకా?"

సరే అన్నాను. తీయలేదు.

నంద్యాలలో సీడీ విడుదల సభ పెట్టుకున్నాం. ఒక పెద్ద అధికారి వస్తున్నాడు. వచ్చేవాళ్లంతా చూపున్నవాళ్లు. వాళ్ల ముందు తెర నల్లగా బోసిగా ఉంటే మా కష్టం ఎవరికి కనబడుతుంది? నా ఫోటో కనబడాలి. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నది అదే. చూపులేనివాళ్ల కోసం చేసిన దానిలో ఫోటో ఉంచి, చిన్న గొంతు తీసేశాను. ఆ గొంతు నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. ఈ మధ్య చేసిన మార్పులతో పెద్ద గొంతు అన్ని తెరల్లోనూ పలుకుతుందిలే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని కోరుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పరీక్షించాను. మానిటర్ పెట్టుకునే పరీక్షించాను. టైం లేదు, నా ఫోటో ఎలా వస్తుందో కూడా చూడాలి. డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని అడిగే తెర వచ్చింది. చదివాను. అక్కడ ఊరికే ఎంటర్ కొడితే సరే అన్నట్టే; నేను వద్దు అని ఎంచుకుని ముందుకు పోయాను. అప్పుడు ఏ గొంతూ పలకలేదన్న సంగతి నా చెవికి అందలేదు. అందలేదనే చెబుతూ వచ్చాను, నాకు నేను. నిజానికి ఎక్కడో ఒక చిన్న వెలితి తగిలింది. ఆగి మళ్లీ చేసి ఉంటే అర్ధగంట పట్టేది.

సభ బాగా జరిగింది. రిజర్వాయరు ఫోటో చూసి అధికారి బాగుందన్నాడు.

ఆ వారంలోనే బాషా హాస్టల్లో తన మిషన్‌కు ఆ సీడీ ఎక్కించాడు, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని. చూపులేని మనిషి ఎవరినీ అడక్కుండా కంప్యూటర్‌ను మొదటి నుంచి కట్టుకోగలడని వాళ్లకు వినిపించాలని. ఆ మిషన్లోనే అతను ఏళ్ల తరబడి తన గొంతుతో రికార్డు చేసిన పాఠాలున్నాయి. పదో తరగతి పుస్తకాలన్నీ. వేరేచోట దాచుకునే వసతి అప్పుడు వాళ్లకు లేదు. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి.

పాఠాలన్నీ పోయాయని ఫోన్ రాగానే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. డిస్కు ఖాళీ. అదే సీడీని ఇంకో మిషన్లో పెట్టి చూశాను. ఆ తెర దగ్గరికి వచ్చేసరికి గది మొత్తం నిశ్శబ్దం. నాకు ఆ క్షణమే అర్థమైంది. సీడీ బయటికి తీసి జేబులో పెట్టుకున్నాను.

వార్డెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్లలంతా అక్కడే ఉన్నారు.

"ఏమప్పా, తప్పు మీ సీడీదా, ఈయప్పదా? ఏదో ఒకటి చెప్పు. పైవాళ్లకు నేను జవాబియ్యాల" అన్నాడు.

"అన్నా, ఆడికొచ్చినాక మిషన్ పలకలేదన్నా" అన్నాడు బాషా. "నిలబడిపోయిందేమో అని ఎంటర్ కొట్టినా. పలికింటే నేనెందుకు కొడతా?"

అందరూ నా మాట కోసం చూస్తున్నారు. చూడలేనివాళ్లు తలలు నా వైపు తిప్పారు.

"సీడీలో ఏం ల్యాదు సార్. నేనే అంతా పరీక్ష చేసి ఇచ్చినా. గమనం ల్యాకుండా, అది అడిగేలోపలే ఎంటర్ రెండుసార్లు నొక్కింటాడు."

"నేననుకుంటానే ఉండా" అన్నాడు వార్డెన్. "కండ్లు ల్యాని మనిషికి ఇంత పని అప్పజెప్తే ఇంగెట్లయితాది? రేపు ఈయప్ప బస్సు తోల్తానంటాడు. ఎక్కుతామా?"

ఎవరో నవ్వారు. పిల్లల్లోనే ఎవరో.

"ఒకసారే కదన్నా నేను కొట్టింది" అన్నాడు బాషా. ఈసారి గొంతు తగ్గింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "రెండుసార్లు తగిలిందేమోలే" అన్నాడు.

జేబులో సీడీతోనే నేను బస్టాండు దారి పట్టాను.

పోయిన పాఠాలకంటే ఆ ఆఖరి మాటే నన్ను ఎక్కువగా వెంటాడింది. తన చేతికి తెలిసిన దాన్ని అతను నా కోసం వదులుకున్నాడు. నేను అబద్ధం చెప్పనని నమ్మాడు కాబట్టి. ఆ ఏడాది పిల్లల్లో కొందరు పరీక్ష తప్పారు. కంప్యూటర్ నేర్పడానికి చూపున్న మాస్టారు ఒకాయన వచ్చాడు. బాషాను హాస్టల్ ఫోన్ ఎత్తే పనిలో కూర్చోబెట్టారు. కొన్నాళ్లకు అదీ మానేసి, వాళ్ల అన్న గాజుల అంగట్లో చేరాడు. తర్వాతి సీడీలో నేను చిన్న గొంతు మళ్లీ పెట్టాను, ఫోటోలు తీసేశాను. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

నేను చెడ్డవాణ్ణా? పిరికివాణ్ణా? ఈ రెంటిలో ఏది ఒప్పుకుంటే తక్కువ నొప్పి అని కూడా ఆలోచించాను, అదీ నా సంగతి. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు మాటలు పడేవాణ్ణి. సీడీ బాగు చేసేవాణ్ణి. అంతకు మించి ఏమీ కాదు. అంత చిన్నదాన్ని తప్పించుకోవడానికి, చూపులేనివాళ్లు ఏ పనీ చేయలేరని ఊరు అనుకునే మాటకు నేనే సాక్ష్యం పలికాను. వాళ్ల కోసమే పనిచేస్తున్నానని చెప్పుకునే నేను.

పోయిన నెల ఆళ్లగడ్డ పోయి బాషాకు చెప్పాను. అంగట్లో గాజులను సైజుల వారీగా దారానికి గుచ్చుతున్నాడు. మొత్తం విన్నాడు. ఫోటో సంగతి కూడా. దారం పక్కన పెట్టాడు.

"అంటే నేను ఒకసారే కొట్టినా" అన్నాడు.

"ఒకసారే, బాషా."

"ఇంట్లో గ్యాసు పొయ్యి ముట్టుకోవాలన్నా నన్ను నేను నమ్మలేదు, ఇన్నేండ్లు. తెలుసునా నీకు?"

తెలియదన్నాను. తలుచుకుంటే తెలిసేదే.

"ఇప్పుడొచ్చి నా చెవిలో చెప్పి పోతాండావా? ఆ పొద్దు పిల్లోల్ల ముందర అన్యావు. పోయి పిల్లోల్లకు చెప్పు." ఆగి, "నీకు టీ చెప్పను. బేరమొచ్చింది, జరుగు" అన్నాడు.

జరిగాను. అంగడి మెట్లు దిగి వచ్చేశాను.

ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. ఎవరెక్కడున్నారో నాకు తెలియదు. వార్డెన్ బదిలీ మీద పోయాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లకు పేరు లేకపోయినా నేనెవరో తెలుస్తుంది.

మీకే చెబుతున్నాను. మీ సార్ ఆ రోజు ఒక్కసారే నొక్కారు. నొక్కే ముందు ఆగి విన్నారు. వినిపించవలసిన మాటను అక్కడ లేకుండా చేసింది నేను. మీలో ఆ రోజు నవ్వినవాళ్లు ఎవరైనా ఉంటే, నా మాట నమ్మి నవ్వారు. ఆ నవ్వు కూడా నా ఖాతాలోదే. చూపు లేకపోతే ఇంతేనని ఆ రోజు మీలో ఎవరైనా నిర్ణయించుకుని ఏ పనైనా వదిలేసి ఉంటే, దాన్ని మళ్లీ మీ చేతుల్లో పెట్టే దారి నాకు తెలియదు.

బాషా నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు. కానీ ఈ నిజం ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. అది నాకు దక్కవలసింది కాదని తెలుసు. అయినా ఆడుతోంది.