పుట్టిన ఊరి కాగితం

చర్చి వాళ్లం నవంబరు రెండున చేసుకునే సమాధుల పండుగకు ఇంకా మూడు వారాలుంది. రాయి చెక్కే ఆయన దగ్గరికి నిన్న మళ్లీ వెళ్లాను. ఖిలా వరంగల్ దారిలో ఆయనది చిన్న రేకుల షెడ్డు. నల్లరాయి పలకను నునుపు చేసి, నా భార్య పేరు సుద్దముక్కతో రాసి పెట్టాడు. పేరు కింద ఖాళీ చూపించి, "పుట్టిన ఊరు ఏం చెక్కాలె సార్? మీరు చీటీల రాయలే," అన్నాడు. రేపు చెప్తానన్నాను. "గిండ్ల ఆలోచించేదేముంది సార్, యాడ పుడితే గదే," అని నవ్వి ఇంకో రాయి పనిలో పడ్డాడు. ఆయన తప్పేం లేదు. ఏడేళ్ల కింద ఒక ఎండాకాలమంతా మేమిద్దరం ఆ ఒక్క ప్రశ్నతోనే గడిపామని ఆయనకెలా తెలుస్తుంది?

నా భార్య నర్సు. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానాలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ని. మాకు పిల్లలు లేరు. అమెరికా వాళ్లు ఏటా చీట్లు తీసినట్టు తీసి కొందరికి గ్రీన్‌కార్డు ఇస్తారని ఆమెకు చెప్పింది ఆమెతో డ్యూటీ చేసే ఒక నర్సు. మన దేశంలో పుట్టినవాళ్లకు ఆ లాటరీలో చోటు లేదు. "అక్కా, నువ్వు ఆఫ్రికాల పుట్టినవట గదా, నీకు నడుస్తది," అని ఆ అమ్మాయే ఫోన్లో ఫారం నింపింది. నా భార్య నిజంగానే ఇథియోపియాలో పుట్టింది. మా మామయ్య, అంటే ఆమె నాన్న, అక్కడి బడిలో భూగోళం చెప్పేవారు. ఆ రోజుల్లో మన వైపు నుంచి చాలామంది టీచర్లు అక్కడికి వెళ్లారు. ఆమెకు రెండేళ్లు నిండకముందే వాళ్లు తిరిగి వచ్చేశారు కాబట్టి ఆ దేశం గురించి ఆమెకు గుర్తున్నది ఏమీ లేదు. మామయ్య చెప్పగా విన్న ఒక చలి ఊరు, ఒక గాడిద, అంతే. అయినా లాటరీలో పేరు వచ్చినప్పుడు, ఆ ఊరే తనను గుర్తుపెట్టుకుని కబురు పంపిందన్నట్టు సంబరపడింది.

ఆ సంబరం నెల కూడా నిలవలేదు. ఇంటర్వ్యూకు పట్టుకెళ్లాల్సిన కాగితాల జాబితాలో మొదటిది జన్మ ధ్రువపత్రం. మా ఇంట్లో ఉన్న కాగితాలన్నీ, పదో తరగతి మెమో నుంచి పాస్‌పోర్టు దాకా, ఆమె పరకాలలో పుట్టిందని చెబుతున్నాయి. లాటరీ ఫారంలో ఇథియోపియా, పాస్‌పోర్టులో పరకాల. పరకాలలో పుట్టిన మనిషికి ఆ లాటరీలో హక్కే లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బస్సెక్కి పరకాల వెళ్లాం. అత్తమ్మ అక్కడ కొడుకు దగ్గర ఉండేది. విషయం చెప్తే ఆమె కాస్త కూడా తడబడలేదు.

"పరకాల అని రాపిచ్చింది మా అమ్మనే. మొదటి కాన్పు పుట్టింట్ల గాకుంటే లోకం ఏమంటది? నేనేమో ఆ చలి దేశంల కన్న. మా అమ్మ ఆర్నెల్లు నాకు ఉత్తరం రాయలే. తిరిగొచ్చినంక ఈడ బాప్తిస్మం ఇప్పిచ్చేటప్పుడు పాస్టరయ్య పుస్తకం తీసిండు. పిల్ల పరకాలల పుట్టిందని రాయుండ్రి అయ్యగారూ అన్నది. ఆయన రాసిండు."

"అమ్మా, గది అబద్ధం గదనే," అంది నా భార్య.

"అబద్ధం ఎట్లయితదే? కాన్పు పుట్టింటిదే. నేను ఆడ కన్న, అంతే."

ఆ చర్చి రిజిస్టరు చూసి బడిలో, బడి కాగితం చూసి పాస్‌పోర్టులో అదే ఎక్కింది. కూతురు పుట్టింట్లో పురుడు పోసుకోలేదన్న చిన్నతనాన్ని కప్పిపుచ్చడానికి ఒక ముసలమ్మ చెప్పిన మాట నలభై ఆరేళ్లు చెక్కుచెదరలేదు. తిరుగు బస్సులో నా భార్య కిటికీ లోంచి పత్తి చేల వైపు చూస్తూ, "ఈ ఊరిని విడిచి పోవాలంటే, ఈ ఊర్ల నేను పుట్టలేదని నిరూపించుకోవాలె," అంది. నవ్వుతూనే అంది.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఇంటర్వ్యూ తేదీ ఖరారైంది. డ్యూటీ నుంచి రాగానే ఆమె చీర కూడా మార్చుకోకుండా ట్రంకు పెట్టె ముందు కూర్చునేది. పాత రసీదులు, మామయ్య జీతం కాగితాలు, తడిసి అంటుకుపోయిన ఫొటోలు అన్నీ చాప మీద పరిచి, ఏరి, మళ్లీ సర్దేది. మర్నాడు మళ్లీ అదే పెట్టె. అన్నం తినడం తగ్గించింది. మధ్యలో ఇంటర్వ్యూ సాధన ఒకటి. ఆమె వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తుంటే నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆఫీసరునయ్యేవాణ్ని. నా ఇంగ్లిషు పుస్తకాల ఇంగ్లిషు. ప్రశ్న పూర్తయ్యేలోపు కూర మాడేది. "గంత పొడుగు ప్రశ్న ఏ ఆఫీసరు అడుగడు," అని విసుక్కునేది. ఏది అడిగినా బాగానే చెప్పేది. ఎక్కడ పుట్టారు అనేదాని దగ్గర మాత్రం జవాబును ప్రశ్నలా ముగించేది. రుజువు లేని నిజం చెప్పేటప్పుడు మనిషికి అబద్ధం చెబుతున్నట్టే ఉంటుందని అప్పుడే చూశాను.

ఇక నా సంగతి. నాకు వెళ్లాలని లేదు. ఆ మాట ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. యాభై దాటాక కొత్త దేశంలో నేనేం చేస్తాను, ఎవరితో మాట్లాడతాను అన్న భయం రాత్రింబవళ్లు ఉండేది. ఆమెకేమో వెళ్లాలని చాలా ఉంది. "మా నాయిన ఒక్క పెట్టె పట్టుకొని ఎరుగని దేశం పోయిండు. నేను హనుమకొండ దాటలే," అనేది. మామయ్య పోయాక ఆయన పుస్తకాలు నాకే ఇచ్చారు, ఇంట్లో చదివేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి. ఒక సాయంత్రం ఆమె డ్యూటీలో ఉండగా ఆయన పాత అట్లాసు తీస్తే, ఆఫ్రికా పటం పేజీల మధ్య సన్నని కాగితం కనిపించింది. ఏదో మిషన్ దవాఖానా చీటీ. పైన ఎరగని లిపి, కింద ఇంగ్లిషులో అత్తమ్మ పేరు, ఆడపిల్ల, ఒక తేదీ. సంవత్సరం చూస్తే నా భార్య పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందుది. అప్పటికి అత్తమ్మకు పెళ్లే కాలేదు. ఇది ఆమెది కాదు, అదే పేరున్న ఇంకెవరిదో, గుమాస్తా ఏదో తప్పు రాశాడు, చూపిస్తే ఇంకో చిక్కు అవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చీటీని అదే పేజీలో పెట్టి అట్లాసు మూసేశాను. ఆ రాత్రి ఆమె మళ్లీ ట్రంకు తెరిచింది. నేను పక్కనే కూర్చుని రసీదులు అందించాను.

తొమ్మిది రోజులు అలా దాచాను. నేను లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

పదో రోజు మామయ్యతో పాటు ఆ దేశంలో లెక్కలు చెప్పిన సారు ఇంటికి వెళ్లాం. ఈ పిల్ల అక్కడే పుట్టిందని, తాను చూశానని అఫిడవిట్ ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. ఎనభై ఏళ్ల మనిషి, మాట గట్టిది. చాయ్ తాగుతూ ఆయనే ఎత్తుకున్నారు. "ఆడి కాగితం ఏదన్న దొరికితే సంవత్సరం చూసి పరేషాన్ కాకుండ్రి. వాళ్ల కేలండర్ మనకంటే ఏడెనిమిదేండ్లు ఎనక నడుస్తది. నేను ఆడ దిగిన దినమే ఎనిమిదేండ్లు చిన్నగయిన. తిరిగి బొంబాయిల దిగంగనే మళ్ల ముసలోణ్నయిన."

నా భార్య చాలా రోజుల తర్వాత పెద్దగా నవ్వింది. నేను మాత్రం చాయ్ సగంలోనే కింద పెట్టేశాను. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా అట్లాసు తీసి చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె తల్లి పేరు చదివింది. తేదీ చదివింది. వేళ్ల మీద ఎనిమిది కలిపి చూసుకుంది. తర్వాత నా ముఖం చూసింది.

"ఎప్పుడు దొరికింది?"

"పోయిన వారం. ఇంకా ముందే."

ఆమె కోపపడలేదు. కాగితాన్ని నీటుగా ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. "నీకు రావాలని లేకుంటే ఒక్క మాట చెప్తే అయిపోవు గదా. నేను ఆ పెట్టె ఎన్నిసార్లు తీసిన్నో చూసినవ్," అంది. ఆ పూట ఇద్దరం పెరుగన్నం తిన్నాం. పడుకోబోయే ముందు ఆమె అడిగింది, "వస్తవా, రావా?" వస్తానన్నాను. అప్పటికి అది తప్పు దిద్దుకోవడానికి అన్న మాటే.

కాజీపేటలో రైలెక్కి ముంబయి చేరేదాకా ఆమె ఆ కవరును ఒళ్లోంచి తీయలేదు. అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు తనే చీటీ తీసి అద్దం కింద నుంచి లోపలికి తోసింది. ఆఫీసరు చిన్నవాడు. చీటీ చూసి, తేదీ చూసి, సారు అఫిడవిట్ చదివి, తెల్లకాగితం మీద తానే కూడిక వేసుకున్నాడు. "మరి పాస్‌పోర్టులో ఇంకో ఊరుందేం?" అనడిగాడు. దానికి మేం నేర్చుకున్న జవాబు వేరే ఉంది. ఆమె అది మరిచిపోయింది. "మా దగ్గర మొదటి బిడ్డ అమ్మగారింట్లో పుట్టాలండి. నేను అక్కడ పుట్టడానికి మా అమ్మమ్మ ఒప్పుకోలేదు," అంది తన దవాఖానా ఇంగ్లిషులో. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇప్పటికైనా ఒప్పుకుందా?" అన్నాడు. "లేదు సార్. చనిపోయింది." ఆయన నవ్వు ఆపుకుని, పాస్‌పోర్టులో ఊరు దిద్దించి పంపమన్నాడు, తర్వాత వీసా ఇస్తామన్నాడు. దిద్దిన పాస్‌పోర్టు వచ్చిన రోజు ఆమె ఆ పేజీని చాలాసేపు చూసి, "పరకాల పోయింది," అని మాత్రం అంది.

నాలుగేళ్లున్నాం అమెరికాలో. ఆమె వృద్ధుల ఆశ్రమంలో పనిచేసింది, నేను ఒక దుకాణంలో సామాను సర్దాను. నేను భయపడ్డంత చెడ్డగా ఏమీ లేదు. ఆ మాట ఆమెకు చెప్పాను, అందుకు సంతోషం. తనకు జబ్బని తేలాక తిరిగి వద్దామన్నది ఆమే. ఇక్కడి దవాఖానాలో చేర్చుకుంటూ ఫారం నింపే అమ్మాయి సొంతూరు అడిగితే, నాకంటే ముందు తనే "పరకాల" అంది.

ఇవాళ పొద్దున రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్లి పరకాల అనే చెక్కమన్నాను. ఆఫీసరు చూస్తే ఒప్పుకోడు. ఆమెను అడిగే ఆఫీసరు ఇక లేడు. ఇంటికొచ్చి ఆ చీటీ తీసి చూశాను. ఆ దేశంలో కొత్త సంవత్సరం మన సెప్టెంబరులో వస్తుందని కూడా సారు అప్పుడు చెప్పారు, అంటే పోయిన నెలే మొదలైంది. సెప్టెంబరు దాటితే తేడా ఏడేళ్లే కాబట్టి, అక్కడ ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం అంకె, మేమిద్దరం ముంబయి రైలెక్కిన సంవత్సరం అంకె ఒకటే. దాని వల్ల ఏమీ మారదని నాకు తెలుసు. కాలానికి ఏ పేరు పెట్టుకున్నా జరిగింది జరిగిందే. అయినా ఏదో ఒక చలి ఊళ్లో, ఎవరిదో ఒక గోడ మీద, ఆ సంవత్సరం ఇంకా అయిపోకుండా వేలాడుతోందని తెలిసి ఉండటం నాకు కావాలి.